ఏడో కాగితం

కోడలికి మామగారి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆ మనిషి ఎప్పుడూ తప్పు చేయడు. అప్పుడప్పుడూ చేసేవాళ్ళతో ఎలాగోలా సర్దుకుపోవచ్చు, అసలు చేయనివాళ్ళతో ఒకే ఇంట్లో ఉండటం ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది. హాల్లో గడియారం పావుగంట వెనకబడితే తప్పు గడియారానిది కాదు, రేడియోవాళ్ళు తొందరపడుతున్నారు. ఒకసారి నిన్నటి తేదీ టిక్కెట్లతో ఇంటిల్లిపాదినీ ఇవాళ రైలెక్కించి, టిక్కెట్లు చూడటానికి వచ్చినాయనకి తేదీ వేయడం ఎలాగో అరగంట పాఠం చెప్పారు. చివరికి ఆ వచ్చినాయనే దండం పెట్టి సీట్లు చూపించాడు. అసలు బాధంతా అక్కడే ఉంది. ఈ మనిషి వాదించడమే కాదు, నెగ్గుతాడు కూడా.

"నలభై రెండేళ్ళ కాపురంలో ఆయన నోట పొరపాటు అన్న మాట నేను రెండుసార్లు విన్నాను. రెండుసార్లూ నా గురించే" అంటుంది అత్తగారు, కూర తరుగుతూ.

మామగారు ముప్పై నాలుగేళ్ళు బడిలో డ్రాయింగు మాస్టారుగా చేశారు. ఊళ్ళో సగం మందికి సరళరేఖ గీయడం నేర్పింది ఆయనే, మిగతా సగం మంది వంకరగా ఉన్నారని బాధపడేదీ ఆయనే. ఉద్యోగం అయిపోయాక చేతులు ఊరుకోక ఊరి చరిత్ర సంఘం పెట్టారు. లైబ్రరీ మేడ మీద ఒక గది, అయిదుగురు సభ్యులు, ఎనిమిది కుర్చీలు. అధ్యక్షులు ఆయన. రైల్లో గార్డుగా చేసి వచ్చిన స్నేహితుడు ఉపాధ్యక్షుడు. దస్తూరీ బాగుంటుందన్న నేరానికి కోడలు కార్యదర్శి. మేడ మీద గది వానకి కారుతుంది కాబట్టి సంఘం కాగితాలన్నీ ఆమె బీరువాలో, చీరల కింది అరలో ఉంటాయి. ఊరి చరిత్రకి నాఫ్తలీను ఉండల వాసన వస్తుందని ఆమె భర్త వెక్కిరిస్తుంటాడు.

సంఘం చేసే పని పాత నూతుల్ని వెతకడం. ఊరికి కుళాయిలు వచ్చాక వీధినూతుల్ని మూసేశారు. కొన్నింటిని మట్టితో నింపారు. కొన్నింటిని నింపే ఓపిక లేక చెక్కలు పరిచి పైన ఇసుక పోసి ఊరుకున్నారు. ఏది ఎక్కడుందో ఎవరికీ గుర్తు లేదు. పోయిన వానాకాలం బజారు వెనక సందులో ఇటుకల లారీ వెనక చక్రం ఉన్నట్టుండి ఇరుసు దాకా భూమిలోకి దిగిపోయేసరికి, అప్పటిదాకా నవ్విన ఊరు సంఘం మేడమెట్లు ఎక్కడం మొదలుపెట్టింది.

దానికో పద్ధతి ఉంది. ఒక నుయ్యి ఉండేదని ఒకరు చెబితే పటం మీద పెన్సిలు సున్నా. ఇద్దరు చెబితే నీలం సిరా. ముగ్గురు, ఒకరు చెప్పింది ఇంకొకరు వినకుండా, ఒకే చోటు చూపిస్తే ఎర్ర సిరా. ఆ పద్ధతి పెట్టింది మామగారే. దాన్ని ఒకే ఒక్కసారి తప్పిందీ ఆయనే. అప్పుడు మాత్రం అది తప్పడంలా ఎవరికీ కనిపించలేదు.

నీళ్ళ శాఖ గోదాములో తొంభై ఏళ్ళ నాటి గుడ్డపటం ఒకటి బయటపడింది. ఫొటో తీయడానికి వీల్లేదన్నారు, ఒక్క మధ్యాహ్నం మాత్రం చూసుకోమన్నారు. మామగారు పలచటి ట్రేసింగు కాగితాలు పదకొండు తీసుకెళ్ళి, సాయంత్రం దాకా నడుం ఎత్తకుండా పెన్సిలుతో వీధులూ నూతులూ దించుకొచ్చారు. వాటి మీద ఒక్క అక్షరం కూడా రాయలేదు. గీత ఉన్నచోట అక్షరం పడితే చూపు చెదురుతుందని ఆయన సిద్ధాంతం. ఎన్నో కాగితమో తెలియడానికి కుడివైపు పైమూలన సూదితో అన్ని రంధ్రాలు గుచ్చేవారు. మూడో కాగితానికి మూడు, ఏడో కాగితానికి ఏడు. ఇంటికొచ్చి వాటి కింద కార్బను వేసి పెద్ద పటం మీదికి ఎక్కించారు. వీధుల పేర్లు, ఇళ్ళ నెంబర్లు ఆ తర్వాత పటం మీదే రాశారు.

బడివీధి నుయ్యి ఆ ఏడో కాగితంలో ఉంది, కాగితం నడిమధ్యన నిలువునా పోయే బడివీధి పక్కన. పటం ప్రకారం అది బడికి ఎదురుగా, వీధికి అవతలి పక్కన, ఖాళీ స్థలంలో ఉంది. సాక్షుల కోసం వెతికితే ఆ వీధిలో అంత వయసున్న మనిషి ఒక్కతే దొరికింది. ఖాళీ స్థలం అంచున బండి పెట్టుకుని బట్టలు ఇస్త్రీ చేసే అవ్వ. ఆ స్థలంలోనే వాళ్ళ పాత ఇల్లు ఉండేదట.

"నీళ్ళకి వీధి దాటేవాళ్ళం. బళ్ళొస్తాయని మా అమ్మ నా చెయ్యి వదిలేది కాదు" అంది అవ్వ.

నుయ్యి వాళ్ళ పక్కనే ఉంటే వీధి దాటడం ఎందుకు? మామగారు సంఘం పుస్తకంలో ఆ మాట కింద "జ్ఞాపకం తారుమారు" అని రాసి గీత కొట్టారు. తర్వాత గుడ్డపటాన్ని ఒక సాక్షిగా, గుడ్డపటాన్ని చూసిన తనని రెండో సాక్షిగా, తనని నమ్మిన గార్డుగారిని మూడో సాక్షిగా లెక్కవేసి ఎర్ర సిరా దిద్దారు. గార్డుగారు పుట్టేనాటికే ఆ నుయ్యి మూసేశారన్న సంగతి కోడలికి అప్పుడే తట్టింది. కానీ ఆ సాయంత్రం ఇంట్లో చుట్టాలు, పొయ్యి మీద పాలు. తట్టినవన్నీ అడుగుతూ కూర్చుంటే ఆ ఇంట్లో రోజు గడవదు.

ఆర్నెల్ల తర్వాత బడి పెద్ద టీచరుగారు సంఘానికి ఉత్తరం రాశారు. ఒకటో తరగతి గది పక్కన వాకిట్లో ఇటుకల దిమ్మె కట్టి అయిదువేల లీటర్ల నీళ్ళ ట్యాంకు పెట్టాలనుకుంటున్నాం, అక్కడ పాత నుయ్యి ఏమైనా ఉందా అని. జాగ్రత్త గల మనిషి. "మా పటం ప్రకారం పాఠశాల ఆవరణలో నుయ్యి ఏదీ లేదు" అని కోడలే ముత్యాల్లాంటి అక్షరాలతో జవాబు రాసింది. కింద మామగారి సంతకం, దాని పక్కన ఆమె సంతకం.

ఆ ట్యాంకుకి ఇవాళ ప్రారంభోత్సవం. పదింటికి. ముఖ్య అతిథి మామగారు.

పొద్దున్నే బుజ్జిదాన్ని బడికి పంపి వస్తూ కోడలు ఇస్త్రీ బండి దగ్గర ఆగింది. బుజ్జిది ఒకటో తరగతి. అవ్వ మామగారి తెల్ల చొక్కా మడత విరగకుండా చేతిలో పెట్టి, పళ్ళు లేని నోటితో నవ్వింది.

"ఏం తల్లీ, ఇవాళ గొప్పరోజుట కదా. ఈ పూటైనా మీ మామగారికి చెప్పు, నా నుయ్యి నాకిచ్చెయ్యమని. వీధికి అటుదాన్ని లాక్కొచ్చి ఇటు పెట్టుకున్నాడు."

కోడలు నవ్వి ఇంటికి వచ్చేసింది. ఎనిమిదీ ముప్పావు అయింది. మామగారు స్నానానికి వెళ్ళారు. పది నిమిషాలు తీరిక దొరికిందని బుజ్జిదాని గౌను తీసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. గౌనుకి రెండు జేబులు, జేబుకో పిట్ట. ఒకే ట్రేసింగు కాగితంతో దించి కుట్టింది. తీరా కుట్టాక చూస్తే ఒక పిట్ట ముందుకి, ఒక పిట్ట వెనక్కి చూస్తున్నాయి. "అమ్మా, ఇది బడికి రానంటోందే" అని రాత్రి బుజ్జిది పడీ పడీ నవ్వింది. దారం విప్పి మళ్ళీ కుట్టాలి.

ట్రేసింగు కాగితాన్ని వెలుతురుకి ఎత్తిపట్టింది. తిప్పి చూసింది. మళ్ళీ తిప్పింది. ఏ పక్కనుంచి చూసినా పిట్ట చక్కగానే ఉంది. పేరు రాసి ఉంటే తిరగబడిందని తెలిసేది. ఒట్టి బొమ్మకి ఎలా తెలుస్తుంది?

సూది చేతిలోనే ఆగిపోయింది.

వీధి దాటేవాళ్ళం, అంది అవ్వ. వీధికి అటుదాన్ని ఇటు పెట్టుకున్నాడు.

కోడలు లేచి బీరువా తెరిచింది. చీరలు పక్కకి నెట్టింది, రెండు కింద పడినా తీయలేదు. పదకొండు కాగితాలూ, పెద్ద పటం నకలూ మంచం మీద పరిచింది. ఒకటో కాగితం నకలు మీద పెడితే గీత మీద గీత కూర్చుంది, సూది రంధ్రం కుడివైపు. రెండోది, కుడివైపు. మూడు, నాలుగు, అయిదు, ఆరు. అన్నీ కుడివైపే. ఏడోది పెట్టింది. కుదరలేదు. వీధి ఒంపు అటు పోవాల్సింది ఇటు పోతోంది. కాగితాన్ని బోర్లించి పెట్టింది.

అప్పుడు కుదిరింది. గీత మీద గీత, అణువంత తేడా లేకుండా. ఏడు సూది రంధ్రాలూ ఎడమ మూలన ఉన్నాయి.

కాగితాన్ని మళ్ళీ సరిగ్గా, మామగారు గుడ్డపటం మీద పెట్టి గీసినప్పుడు ఎలా ఉండి ఉంటుందో అలా తిప్పి, నూతి సున్నా మీద వేలు పెట్టింది. వేలు వీధి దాటింది. ఖాళీ స్థలం లోంచి బడి వాకిట్లోకి వచ్చింది. ఒకటో తరగతి గుమ్మం పక్కన ఆగింది.

అయిదువేల లీటర్లంటే అయిదు టన్నులు. ఇటుకల దిమ్మె బరువు వేరే. ట్యాంకరు తొమ్మిదిన్నరకి వస్తుందని బుజ్జిది నిన్నంతా చెవిని ఇల్లు కట్టుకుని చెప్పింది. ఒకటో తరగతివాళ్ళని ముందువరసలో కూర్చోబెడతారట. దిమ్మెకి దగ్గరగా, నీళ్ళు పడటం కనబడేలా.

బడికి ఫోను చేసింది. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి గుమాస్తా ఎత్తాడు.

"పెద్ద టీచరుగారు వాకిట్లో ఉన్నారమ్మా. ఏర్పాట్లు."

"ట్యాంకరు ఆపమని చెప్పండి. ఆ దిమ్మె కింద పాత నుయ్యి ఉంది."

అవతల నవ్వు. "భలేవారే. లేదని ఉత్తరం ఇచ్చింది మీరే కదమ్మా. నా బల్ల మీదే ఉంది, మీ సంతకం కూడా ఉంది. మాస్టారుగారు వస్తున్నారుగా, ఏదున్నా ఆయన్నే చెప్పమనండి." ఎవరో పిలిచినట్టున్నారు, పెట్టేశాడు.

కోడలు ఏడో కాగితం పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి మామగారు అద్దం ముందు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు. ప్రసంగం రాసుకున్న కాగితం జేబులోంచి తొంగిచూస్తోంది.

"మావయ్యగారూ, దీన్ని ఒక్కసారి చూడండి."

"వచ్చాక చూస్తానమ్మా."

"వచ్చాక కాదు, ఇప్పుడే. ఏడో కాగితం బోర్లా పడింది. పటం మీదికి ఎక్కించేటప్పుడు మీరు వెనకపక్క వేశారు. నుయ్యి ఖాళీ స్థలంలో లేదు, బడిలో ఉంది."

మామగారు చివరి గుండీ పెట్టుకుని, అద్దంలోంచే ఆమెని చూశారు. "కాగితానికి ముఖం ఏదో, వీపు ఏదో నువ్వు నాకు చెబుతున్నావా?"

"నేను కాదు, మీ సూది రంధ్రాలు చెబుతున్నాయి. ముందున్న ఆరు కాగితాలకీ కుడివైపు వస్తున్నాయి. దీనికి ఎడమవైపు వస్తున్నాయి."

కళ్ళజోడు పెట్టుకుని కాగితం తీసుకున్నారు. కిటికీ దగ్గరికి నడిచి చాలాసేపు చూశారు. ఆ వీపు కదలలేదు. గడియారం తొమ్మిదీ పది చూపిస్తోంది. అది పావుగంట వెనక. అంటే ట్యాంకరు రావడానికి ఇక అయిదు నిమిషాలే.

"దీనికి మాత్రం ఎడమవైపు గుచ్చి ఉంటాను" అన్నారు మామగారు.

"ఎందుకు గుచ్చుతారు మావయ్యగారూ?"

"ఏదో కారణం ఉండే ఉంటుంది."

"అవ్వ వీధి దాటేవాళ్ళమని చెప్పింది కదా!"

"ఆవిడకి నిన్న ఇచ్చిన బట్టలే గుర్తుండవు."

వంటింట్లోంచి అత్తగారు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "ఆయన్ని అడుగుతూ నిలబడతావేమిటే పిచ్చిదానా! ముందు పరిగెత్తి పిల్లని తెచ్చుకో."

కోడలికి కాళ్ళు గుమ్మం వైపు లాగాయి. బుజ్జిదానికి కడుపు నొప్పని చెప్పి, చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చేసుకుంటే? ఎవరూ ఏమీ అడగరు. దాని పక్కన కూర్చునే పిల్ల ముఖం కళ్ళముందు మెదిలింది. రోజూ బుజ్జిదాని రబ్బరు కొట్టేసే పిల్ల, ముందుపళ్ళు రెండూ లేవు. ఆ తరగతిలో నలభై ఒక్కమంది ఉన్నారు. ఒక్క క్షణమైనా అలా అనుకున్నందుకు తనకే సిగ్గేసింది.

"మావయ్యగారూ, నేను చెబితే వాళ్ళు ఆపరు. ఉత్తరం మీద మొదటి సంతకం మీది. మీరు రావాలి, మీరే చెప్పాలి."

మామగారు కాగితాన్ని చుట్టి చంకలో పెట్టుకున్నారు. చేతికర్ర అందుకుని చెప్పులు వేసుకున్నారు. ఆయన వెళుతున్నది ట్యాంకరు ఆపడానికో, రిబ్బను కత్తిరించడానికో ఆమెకి అర్థం కాలేదు. అడిగే ధైర్యమూ లేకపోయింది.

మూడు వీధుల దూరం. ఆయన మామూలుగా నడిచారు, ఆమె సగం నడిచి సగం పరిగెత్తింది. ఇస్త్రీ బండి దగ్గరికి వచ్చేసరికి ఊపిరి అందలేదు.

"అవ్వా, ఒక్క మాట. మీ ఇల్లు ఇక్కడే కదా? నుయ్యి ఎటు?"

"మళ్ళీ మొదలా?" అంది అవ్వ. చేతిలో ఇస్త్రీపెట్టె ఎత్తి, అదే చేత్తో బడి గోడ చూపించింది. "అదుగో, అటు. ఎన్నిసార్లు చెప్పించుకుంటారు? వీధి దాటాలి. దాటితే దాని గట్టు, గట్టు పక్కన తొట్టి."

నాలుగడుగులు ముందున్న మామగారి కర్ర గాలిలోనే ఒక్క క్షణం నిలిచింది. తర్వాత నేలకి ఆనింది. ఆయన వెనక్కి చూడలేదు.

బడి గేటు దగ్గర ట్యాంకరు ఆగి ఉంది. దాని గొట్టం వాకిట్లోకి పాములా పాకి, ఇటుకల దిమ్మె ఎక్కి, నల్ల ట్యాంకులోకి దిగింది. నీళ్ళు పడుతున్నాయి. ట్యాంకులో పడే నీళ్ళ చప్పుడు ఎక్కడిదాకా నిండిందో చెప్పేస్తుందని ఇల్లు నడిపే ఆడవాళ్ళందరికీ తెలుసు. ఖాళీదైతే లోతుగా డబడబలాడుతుంది, నిండే కొద్దీ చప్పుడు సన్నబడుతుంది. ఇది అప్పటికే సన్నబడింది.

దిమ్మె చుట్టూ రాతిపలకల మీద పిల్లలు బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. ముందువరసలో ఈ చివర బుజ్జిది. తల్లిని చూసి చెయ్యి ఊపింది.

"రండి మాస్టారూ, రండి!" పెద్ద టీచరుగారు నవ్వుతూ ఎదురొచ్చారు. వెనకాలే గార్డుగారు, చేతిలో పూలగుత్తి. "మీకోసమే చూస్తున్నాం."

"టీచరుగారూ, నీళ్ళు ఆపించండి" అంది కోడలు. "పిల్లల్ని లేపండి. దీని కింద నుయ్యి ఉంది. మా పటం తప్పు."

టీచరుగారి నవ్వు ఆగిపోయింది. కోడల్ని చూసి, మామగారిని చూశారు. "మాస్టారూ? మీ ఉత్తరంలో లేదని ఉంది కదా. ఏమంటారు మీరు?"

గార్డుగారూ, ట్యాంకరు డ్రైవరూ, దిమ్మె కట్టిన మేస్త్రీ అందరూ ఆయన వైపే చూశారు. ఆయన వాకిట్లోకి నడిచి, గోడ దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క రాతిపలకనీ కర్రతో తట్టుకుంటూ దిమ్మె వైపు వచ్చారు.

టక్. టక్. టక్. టక్.

కోడలు కదలలేదు. కదిలితే నేల కదులుతుందేమోనని భయం వేసింది.

టక్. టక్. డుబ్.

ఆయన ఆగి మళ్ళీ తట్టారు. డుబ్. పక్క పలక కూడా డుబ్బుమంది. పిల్లలకి అది సరదాగా అనిపించింది. "డుబ్!" అన్నాడొకడు. వరసంతా అందుకుంది. "డుబ్! డుబ్! డుబ్!" బుజ్జిది కూర్చున్నచోటే ఎగిరెగిరి మరీ అంటోంది.

మామగారి మెడ మీద చెమట ఇస్త్రీ కాలరుని తడిపేసింది. కానీ గొంతు మాత్రం ముప్పై నాలుగేళ్ళ తరగతి గొంతే.

"నిశ్శబ్దం. ఇప్పుడు డ్రాయింగు క్లాసు. అందరూ మెల్లగా లేచి, కాలి బొటనవేళ్ళ మీద నడిచి, అదుగో ఆ గోడ దగ్గరికి వెళ్ళాలి. పరిగెత్తినవాళ్ళకి, చప్పుడు చేసినవాళ్ళకి రంగులు ఇవ్వను. ముందువరస ముందు."

టీచరుగారు చేత్తో సైగ చేస్తే డ్రైవరు కుళాయి కట్టేశాడు. నీళ్ళ చప్పుడు ఆగింది. ఆ నిశ్శబ్దంలో నూటపాతిక మంది పిల్లలు వేళ్ళ మీద నడుస్తుంటే కోడలు ఒక్కొక్క పాదాన్నీ చూసింది. బుజ్జిది గోడ దాకా వెళ్ళింది. వెళ్ళి, కిందికి చూసుకుని, గిరుక్కున వెనక్కి తిరిగింది. ఒక కాలికి చెప్పు లేదు. చెప్పు దిమ్మె పక్కన, డుబ్బుమన్న పలక మీద ఉంది.

ఎవరూ ఆపేలోపు అది వేళ్ళ మీదే, రంగులు పోకుండా ఎంతో బుద్ధిగా నడుచుకుంటూ తిరిగి వచ్చేసింది.

కేకవేస్తే పరిగెడుతుంది. పరిగెడితే పలక మీద గట్టిగా అడుగు పడుతుంది. కోడలికి ఆ ఆలోచన మాటల్లో రాలేదు, ఒంట్లో తెలిసింది. మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ చాపి, రోజూ అన్నానికి పిలిచే గొంతుతో పిలిచింది. "బుజ్జీ, చెప్పు నేను తెస్తాలే. ఇలా రా, ఒక సంగతి చెబుతాను. మెల్లగా."

బుజ్జిది చెప్పు వైపు చూసింది. అమ్మ వైపు చూసింది. సంగతే నెగ్గింది.

ఒళ్ళోకి వచ్చిన పిల్లని గట్టిగా పట్టుకుంది. "ఏం సంగతమ్మా?" అని అది రెండుసార్లు అడిగింది. కోడలు దాన్ని ఎత్తుకుని ఆ పలకలకి దూరంగా నడిచింది.

పిల్లలందర్నీ గేటు బయటికి పంపి, ట్యాంకు అడుగు గొట్టం విప్పి నీళ్ళు కాలవలోకి వదిలేశారు. అరగంట పట్టింది. ఖాళీ అయ్యాక మేస్త్రి నడుముకి తాడు కట్టుకుని, గునపంతో ఒక పలక అంచు లేపాడు. కింద ఇసుక, జానెడు మందం. ఇసుక కింద చెక్క. మేస్త్రి చెక్కని వేలితో నొక్కాడు. వేలు లోపలికి దిగిపోయింది, తడిసిన అట్టలోకి దిగినట్టు. పిడికెడు కన్నం పడింది. అందులోంచి చల్లటి, ముక్కిపోయిన గాలి పైకి వచ్చి అందరి ముఖాలకీ తగిలింది.

మేస్త్రి ఒక గులకరాయి తీసి కన్నంలో వదిలాడు.

ఏమీ వినబడలేదు. కోడలు పెదవులు కదపకుండా లెక్కపెట్టింది. ఒకటి. రెండు.

ఎక్కడో చాలా కింద, బుడుంగుమంది.

దిమ్మె మూల ఇటుక ఒకటి సరిగ్గా ఆ చెక్క మీదే ఆని ఉంది. మేస్త్రి దాన్ని చూసి, తాడు మరోసారి బిగించుకుని, మెల్లగా వెనక్కి వచ్చేశాడు.

టీచరుగారు మామగారి దగ్గరికి వచ్చారు. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. "మాస్టారూ, మీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియడం లేదు. మీకు సమయానికి అనుమానం రాబట్టి సరిపోయింది."

"మావాడి చెవి అలాంటిదండీ!" అన్నారు గార్డుగారు, పూలగుత్తి మామగారి చేతిలో కుక్కుతూ. "రాయి తట్టి లోపల ఏముందో చెప్పేస్తాడు. పటాలూ గిటాలూ ఎందుకు!"

మామగారు పూలగుత్తి పట్టుకుని నిలబడ్డారు. కాదనలేదు. కోడలికి రైల్లో టిక్కెట్లు చూసినాయన దండం పెట్టడం గుర్తొచ్చింది. ఇప్పుడూ అంతే. అందరూ దండం పెట్టి సీటు చూపిస్తున్నారు. ఆయన ఊరికే కూర్చుంటే చాలు.

బుజ్జిదాన్ని ఎత్తుకునే కోడలు ఆయన దగ్గరికి వెళ్ళింది. భయం తగ్గలేదు. ఇంకో రకంగా మళ్ళీ మొదలైంది. ఆయనకి మాత్రమే వినబడేలా చెప్పింది.

"ఆ కాగితంలో ఇంకా మూడు నూతులున్నాయి మావయ్యగారూ. అవీ అటువి ఇటే పడి ఉంటాయి. మన పటం చూసుకుని ఎవరెవరు ఎక్కడెక్కడ గోడలు కడుతున్నారో మనకి తెలియదు. ఇవాళ మీ చెవి గొప్పదని ఊరుకుంటే ఆ పటం అలాగే ఉంటుంది."

ఆయన ఆమె వైపు చూడలేదు. గేటు వైపు చూస్తున్నారు. ఇస్త్రీ బండి వదిలేసి అవ్వ వాకిట్లోకి వచ్చింది. గోడ పట్టుకుని, మేస్త్రి చెప్పినంత దూరంలో ఆగి, ఆ నల్లటి కన్నం వైపు తొంగిచూసింది.

"ఇదే" అంది. "ఇక్కడికి వచ్చాకే మా అమ్మ చెయ్యి వదిలేది." తర్వాత కాస్త నవ్వి, "కనబడిందిలే మాస్టారూ. నాకే సరిగ్గా గుర్తుండి చావదు" అంది.

అందులో ఎత్తిపొడుపు లేదు. ఆవిడ నిజంగానే అలా అనుకుంటున్నట్టుంది. ఏడాదిగా సంఘం పుస్తకంలో గీత కొట్టించుకున్న మనిషి కదా.

మామగారు పూలగుత్తి దిమ్మె మీద పెట్టబోయి, దిమ్మెని చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. గుత్తిని గార్డుగారికే ఇచ్చేశారు. చంకలోని కాగితం తీసి విప్పారు. పైమూల ఏడు రంధ్రాల మీద బొటనవేలు ఒకసారి పారాడింది.

"పెద్దమ్మా" అన్నారు. "మీకు సరిగ్గానే గుర్తుంది. తారుమారైంది నా కాగితం. దీన్ని నేను బోర్లా వేశాను. మా అమ్మాయి పొద్దున్నే చూపించింది, అప్పుడూ ఒప్పుకోలేదు."

"ఏమన్నారు మాస్టారూ?" అన్నారు టీచరుగారు అటునుంచి. "వినబడలేదు."

మామగారు కళ్ళజోడు తీసి, చొక్కా కొసతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. గేటు బయట పిల్లలు, వాళ్ళ వెనక ఎలా తెలిసిందో అప్పటికే పోగైన తల్లులు, వీధిలో ఆగిపోయిన బళ్ళవాళ్ళు. వెనకవరస దాకా వినబడాలంటే ఎంత ఎత్తులో మాట్లాడాలో ఆయనకి ముప్పై నాలుగేళ్ళుగా తెలుసు.

"నేను తప్పు చేశాను" అన్నారు, ఆ ఎత్తులో.